ఆండర్సన్ వీధి నుంచి సూళ్లూరుపేట దాకా

మా పెద్దమ్మాయికి సంబంధము కుదిరిన మర్నాడే మా యింట్లో ఒక తగవు పుట్టినది. పెట్టుపోతల తగవు కాదు, వంటవాళ్ల తగవు కాదు. శుభలేఖ తగవు. కాగితము మీద అచ్చు వేయించి పంచాలా, లేక సెల్ ఫోనులో పంపిస్తే చాలునా అన్నది ప్రశ్న. వినడానికి చిన్న విషయమే. కాని దాని వెనుక ఐదేళ్ల నాటి మనస్తాపము ఒకటి ఉన్నది. అది చెప్పకుండా ఈ ప్రయాణము సంగతి చెప్పలేను.

మేము నాలుగు తరాలుగా మద్రాసులో ఉంటున్న వారము. మా ముత్తాత సూళ్లూరుపేట దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి పెరంబూరు రైల్వే వర్కుషాపులో పనికి చేరాడు. అప్పటి నుంచి మాకు పెరంబూరే ఊరు. నేను చదివినది మెట్రిక్యులేషను, చేసేది గుమాస్తా ఉద్యోగము. ఆఫీసులో తమిళము, ఇంట్లో తెలుగు. కలలో ఏ భాష వస్తుందో చెప్పలేను. మాకు పూర్వపు ఊరితో మిగిలిన తాడు ఒక్కటే. అది మా మేనత్త. ఆమె, మామయ్య సూళ్లూరుపేటలోనే ఉన్నారు.

2020లో కరోనా వచ్చి, పెళ్లికి 50 మందికి మించి చేరరాదని ప్రభుత్వము వారు కట్టడి చేసిన నాటి నుంచి ఫోను శుభలేఖలు ఇంటింటికీ అలవాటైనవి. 2021లో మా అన్నయ్య కొడుకు పెళ్లి జరిగినది. అందరికీ ఫోనులోనే పంపించాము. అత్తకు అటువంటి ఫోను లేదు గనుక ఆమె మనుమడి ఫోనుకు పంపించాము. ఆ పిల్లవాడు రోజుకు వచ్చే వంద కబుర్లలో అది కూడా ఒకటనుకున్నాడో, చూడనే లేదో! పెళ్లి అయిన వారానికి బజారులో ఎవరో అత్తను పలకరించి, “మద్రాసు పెళ్లికి వెళ్లలేదా?” అన్నారట. అన్నగారి మనుమడి పెళ్లి సంగతి ఆమె పరాయివాళ్ల నోట విన్నది.

ఆనాటి నుంచి అత్త మా గడప తొక్కలేదు. మా నాన్నగారి ఆబ్దికానికి కూడా రాలేదు. మా అమ్మ ఫోను చేస్తే “బాగానే ఉన్నాము” అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తుంది. మేము పిలవకపోలేదు. కాని పిలుపు ఆమెకు చేరలేదు. ఈ రెండింటికీ తేడా మాకు తెలుసు గాని, పిలుపు అందని మనిషికి ఆ తేడాతో పని ఏమున్నది?

ఇక ప్రస్తుతము. మా అమ్మాయి లెక్కలు చదివిన పిల్ల. కాగితము తీసుకుని లెక్క వేసి చూపించినది. “నాన్నా, 500 కార్డులకు ఒక్కొక్కటి 28 రూపాయల చొప్పున 14,000. అచ్చుకూలి 4,500. మొత్తము 18,500. చూసి పక్కన పడేస్తారు. ఫోనులో అయితే దాదాపు ఖర్చే లేదు. పెళ్లికొడుకు వాళ్లు బెంగుళూరులో ఫోనులోనే పంపుతున్నారట” అన్నది. మా ఆవిడ కూతురి పక్షము. మా అమ్మ అంతవరకు విని ఊరుకున్నది. చివరకు, “ఫోనుకు పసుపు ఎక్కడ రాస్తావే?” అన్నది. ఎవరికీ జవాబు తోచలేదు.

“సరే, ముందు వెళ్లి చూసి వద్దాము” అని, ఒక శనివారము సెలవు పెట్టి అమ్మాయిని వెంటబెట్టుకుని బయలుదేరాను. శుభలేఖలో ఉండవలసిన మాటలన్నీ అమ్మ తన చేతితో ఒక తెల్లకాగితము మీద రాసి ఇచ్చినది. అమ్మ చదివినది ఐదో తరగతి. అక్షరాలు మాత్రము గుండ్రంగా, ముగ్గు పెట్టినట్టు ఉంటవి.

పెరంబూరులో బీచి స్టేషనుకు పోయే లోకల్ రైలు ఎక్కాము. వాషర్మన్ పేట దాటాక రాయపురము వస్తుంది. దక్షిణ దేశములో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న ఇక్కడి నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరినది. ఆనాటి స్టేషను భవనము ఇంకా నిలిచే ఉన్నది. అమ్మాయికి చూపించాను. ఆమె ఫోనులోంచి తల ఎత్తి చూసి, మళ్లీ ఫోనులోకి పోయినది. బెంగుళూరు వారి శుభలేఖ అప్పుడే వచ్చినదట. చూపించినది. పల్లకీ వచ్చినది, పూలు రాలినవి, నాదస్వరము మోగినది. బాగానే ఉన్నది. అయితే అందులో ఇంగ్లీషు తప్ప ఒక్క తెలుగు అక్షరము లేదు. “కన్నడము కూడా లేదు నాన్నా, కాబట్టి తగవు లేదు” అని నవ్వినది.

బీచి స్టేషనులో దిగి దక్షిణముగా నడిస్తే పెద్ద తపాలా కచేరీ కనబడుతుంది. చిషోం అనే దొర రూపము గీయగా 1884లో పూర్తయిన ఎర్రని భవనము. మా నాన్నగారు పెళ్లిళ్ల కాలములో కట్టలు కట్టలుగా కవర్లు తెచ్చి ఇక్కడే వేసేవారు. దూరాన ఉన్నవారు పెళ్లికి రాలేకపోతే తంతి పంపేవారు. దీవెన మాటలకు అంకెలు ఉండేవి. అంకె రాసి ఇస్తే చాలు, అవతల పూర్తి దీవెన అందేది. ఆ తంతి 2013 జూలైలో ఆగిపోయినది. రిజిస్టరు ఉత్తరము కూడా 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయినది. ఇవి చెబుతుంటే అమ్మాయి, “చూశారా నాన్నా, కొన్ని ఆగిపోతవి. ఎవరూ ఏమీ అనుకోరు” అన్నది. ఆ మాట నాకు రుచించలేదు గాని, కాదనడానికి వీలు లేదు.

పారీస్ మూల దగ్గర వీధి దాటడము ఒక సాహసమే. తంబుచెట్టి వీధి మొదట్లో ఒక్క క్షణము నిలబడ్డాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయినది. ఈ తంబుచెట్టి వీధి నుంచే ఎన్నో ఏళ్లు వెలువడినది. వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు అచ్చుకూటము పెట్టినది కూడా ఈ పట్టణములోనే, 1854లో. చందమామ మొదటి సంచిక 1947 జూలైలో వచ్చినది ఇక్కడి నుంచే. తెలుగు అచ్చుకు ఒకప్పుడు పుట్టిల్లు వంటి ఊరు ఇది. అటువంటి ఊరిలో నేడు ఒక తెలుగు శుభలేఖ తప్పు లేకుండా అచ్చు వేయించడానికి ఎంత అగచాటు పడ్డామో ఇక వినండి.

పూలబజారు వైపు ఎన్.ఎస్.సి. బోసు రోడ్డు వెంట పోతుంటే కుడిచేతి వైపు సన్నని వీధులు వరుసగా వస్తవి. ఒక వీధి నిండా బట్టలు, ఒక వీధి నిండా కాగితాలు. ఆండర్సన్ వీధి శుభలేఖలది. ఇటు అటు దుకాణాలు, మధ్య తోపుడు బండ్లు, వాటి మధ్య నెత్తిన కాగితపు రీములు పెట్టుకుని “దారి, దారి” అని అరిచే కూలీలు. పెళ్లివారిని చూస్తేనే తెలుస్తుంది. ఒక తండ్రి, ఒక తల్లి, చేతిలో సంచి, ముఖాన కొంచెము గాబరా. మేమూ ఆ గుంపులో కలిశాము.

మేము వెళ్లిన దుకాణము మేడమీద ఉన్నది. యజమాని శివకాశి ప్రాంతము వాడు. గోడల నిండా లావుపాటి నమూనా పుస్తకాలు. ఒక్కొక్క కార్డు వెనుక ఒక అంకె, ధర. 8 రూపాయల కార్డు ఉన్నది, 200 రూపాయల పెట్టె కూడా ఉన్నది. దాన్ని తెరిస్తే మిఠాయి అర, జీడిపప్పు అర, నడుమ శుభలేఖ. “ఇది కొనేవారు శుభలేఖ చదవరండీ, పప్పు తింటారు” అన్నాడు యజమాని తమిళములో. మనిషి సరసుడే.

ఆయన చెప్పిన సంగతులు కొన్ని నాకు కొత్త. ఖాళీ కార్డులు చాలా మట్టుకు వేరే చోట తయారై ఇక్కడికి వస్తవి. దుకాణములో వేసేది మన పేర్లు, ముహూర్తము మాత్రమే. అందుకే కార్డు ధర వేరు, అచ్చుకూలి వేరు. కొద్ది కార్డులైతే పట్టుగుడ్డ చట్రము మీద రంగు పులిమి ఒక్కొక్కటే తీస్తారు. ఎక్కువైతే పెద్ద యంత్రము మీద. బంగారు అక్షరాలకు వేడి దిమ్మతో రేకు అద్దుతారు. 100 కార్డులకైనా 500 కార్డులకైనా అక్షరాలు కూర్చే కూలి ఒక్కటే కనుక, తక్కువ వేయిస్తే ఒక్కొక్క కార్డు మీద అచ్చుకూలి పెరుగుతుంది.

శివకాశికి అచ్చు ఎట్లా వచ్చినదని అడిగాను. అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చారు. అగ్గిపెట్టెకు బొమ్మకాగితము కావాలి. టపాకాయల పెట్టెకూ కావాలి. ఆ కాగితాల కోసము ప్రెస్సులు పెట్టారు. తరువాత కాలెండర్లు, పుస్తకాలు, కార్డులు. నిప్పు తెచ్చుకుంటే వెంట అచ్చు వచ్చినదన్నమాట.

“ఫోను వచ్చి మీ వ్యాపారము దెబ్బతిన్నదా?” అని అమ్మాయి సూటిగా అడిగినది. ఆయన దాచలేదు. “మునుపు 1,000 వేయించే ఇంటివారు ఇప్పుడు 200 వేయిస్తున్నారమ్మా. కాని అసలు వేయించని వారు తక్కువ. దేవుడి ముందు పెట్టడానికి ఒకటి కావాలి కదా” అన్నాడు. ఆపైన ఆయనే, “మేము కూడా ఫోను కార్డు చేసి ఇస్తాము. 1,500 రూపాయలు. పాట కావలసి వస్తే ఇంకొక 500” అని ముగించాడు. వ్యాపారి వ్యాపారే.

మేము 28 రూపాయల కార్డు ఒకటి ఎంచుకుని, అక్షరాలు కూర్చే గదికి వెళ్లాము. కంప్యూటరు ముందు ఒక తమిళ యువతి కూర్చున్నది. తెలుగు అక్షరాలు గుర్తుపడుతుంది, భాష రాదు. మా మేనల్లుడు ఫోనులో ముందే తయారుచేసి ఇచ్చిన ప్రతిని ఆమెకు పంపించాము. తెరిచి చూస్తే తెలుగు లేదు! కొన్ని చోట్ల ఖాళీ డబ్బాలు, కొన్ని చోట్ల వత్తులు ఊడి పక్కన పడి ఉన్నవి. కారణము తరువాత తెలిసినది. 1991 నాటి నుంచి యూనికోడు అనే ఉమ్మడి పద్ధతిలో తెలుగుకు స్థానమున్నది. ఫోన్లన్నీ ఆ పద్ధతివే. కాని అచ్చుపని వారు వాడే పాత ఫాంట్లు కొన్ని వేరే దారివి. ఇక్కడి అక్షరము అక్కడ పలకదు.

మా అమ్మాయి ఒక సంగతి చెప్పినది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు తెలుగులోని “జ్ఞా” అనే అక్షరము ఒక తీరున కూర్చినది వస్తే ఫోను కుప్పకూలిపోయేదట! ఆ కంపెనీవారు ఆ నెలలోనే మరమ్మతు చేశారట. ఇంత చిన్న అక్షరానికి అంత పెద్ద యంత్రము నిలవలేకపోయినదని నాకు లోలోపల కొంచెము గర్వము కలిగిన మాట వాస్తవము.

మొత్తానికి అమ్మ రాసిన కాగితము చూసి ఆ యువతి మొదటి నుంచి కూర్చినది. అరగంటకు ఒక ప్రతి తీసి ఇచ్చినది. నేను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. మాసము సరిగా ఉన్నది. మాకు మాఘము, తమిళులకు మాసి, రెండూ వేయించాము. మాస లెక్కలు మాకు చంద్రుడితో, వారికి సూర్యుడితో కదా. ఉగాది దాటి తమిళ సంవత్సరాది రాని నడిమి రోజుల్లో పెళ్లి పెట్టుకున్న వారికైతే సంవత్సరము పేరు కూడా తేడా వస్తుంది. మాకు ఆ చిక్కు లేదు. గోత్రాలు, పేర్లు బాగున్నవి. “సరిపోయినది” అన్నాను.

“ఆగండి నాన్నా” అన్నది మా అమ్మాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా అమ్మాయికి తెలుగు మాట్లాడడము వచ్చు, చదవడము రాదు. బడిలో తమిళము, ఇంగ్లీషు. ఇంట్లో నేర్పుదామని నాలుగైదు ఎండాకాలాలు అనుకున్నాము. అనుకోవడముతోనే ఆ ఎండాకాలాలు అయిపోయినవి. తప్పు మాదే.

ఆమె ఏమి చేసినదంటే, నాయనమ్మ కాగితము ఎడమచేతిలో, అచ్చుప్రతి కుడిచేతిలో పట్టుకుని, ఒక్కొక్క అక్షరము బొమ్మలాగా పోల్చి చూడడము మొదలుపెట్టినది. “ఇక్కడ నాయనమ్మ కింద గీత పెట్టినది. అచ్చులో గీత లేదు” అన్నది. చూస్తే “వధువు” అని ఉండవలసిన చోట “వదువు” అని ఉన్నది! తమిళములో ఈ రెంటికీ ఒకటే అక్షరము కనుక ఆ యువతికి తేడా తెలియలేదు. నాకు తెలుగు వచ్చును కనుక కన్ను పొరపాటు మీదుగా జారిపోయినది. చదవడము రాని పిల్లకు జారడానికి వీలు లేకపోయినది. అట్లాగే “భోజనము”కు వత్తు, ఇంకొక చోట దీర్ఘము పట్టుకున్నది. మొత్తము మూడు తప్పులు. నేను రెండుసార్లు చదివి “సరిపోయినది” అన్నవి అవి!

తరువాత వేలు పెట్టి అడిగినది. “నా పేరుకు ముందు ఉన్న ఈ నాలుగు అక్షరాలు ఏమిటి?”

“మన ఇంటిపేరు.”

“సర్టిఫికెట్లలో మీ పేరు మొదటి అక్షరము ఒక్కటే కదా ఉన్నది?”

ఈ రాష్ట్రములో అదే వాడుక. తండ్రి పేరులోని మొదటి అక్షరము వేసి ఊరుకుంటాము. నాలుగు తరాలుగా నోట నిలిచిన ఇంటిపేరు కాగితాల్లో ఎక్కడా లేదు. అది అచ్చులో కనబడేది మా ఇళ్లలో శుభలేఖ మీద, కర్మ కార్డు మీద మాత్రమే. ఆ సంగతి నాకూ అప్పుడే తట్టినది. అమ్మాయి ఆ నాలుగు అక్షరాలు కలము తీసుకుని తన చేతి సంచిలోని చీటీ మీద రాసుకున్నది. నేనేమీ అనలేదు. దుకాణములో ఏమంటాము?

కిందికి దిగి కాఫీ తాగుతూ తగవు తీర్చుకున్నాము. ఆమె కొంత దిగినది, నేను కొంత దిగాను. కాగితపు శుభలేఖలు 150. అవి బంధువులకు, పెద్దలకు, గుడికి. 28 చొప్పున 4,200, అచ్చుకూలి 2,400, వెరసి 6,600. మిగిలినది 11,900. ఆఫీసువారికి, స్నేహితులకు ఫోనులో. నేను గుమాస్తాను గనుక కొన్ని నిబంధనలు కూడా రాసుకున్నాము. పాఠకులలో పెళ్లి తలపెట్టిన వారికి పనికి రావచ్చును.

మొదటిది: ఫోనులో శుభలేఖ పంపేముందు నోటితో పిలవాలి. పిలుపు మాటతో, జ్ఞాపకము బొమ్మతో. రెండవది: శుభలేఖను బొమ్మగానే పంపాలి, నొక్కి తెరిచే ఫైలుగా పంపకూడదు. శుభలేఖ అని పేరు పెట్టి ఏ.పి.కె. ఫైలు పంపి, తెరిచినవారి ఫోనులోకి దొంగలు దూరుతున్నారని 2024 నవంబరులో హిమాచల ప్రదేశ్ పోలీసువారు హెచ్చరించారు. తెలియని అంకె నుంచి అటువంటిది వస్తే మీరు కూడా తెరవకండి. మూడవది: ఒక పది కార్డులు భద్రముగా దాచాలి. ఈ రాష్ట్రములో 2009 నాటి చట్టము ప్రకారము పెళ్లి రిజిస్టరు చేయించడము తప్పనిసరి. ఆ దరఖాస్తుతో శుభలేఖ జతపరిస్తే పని సులువు. నాలుగవది: ఫోను లేనివారికి ఇంకొకరి ఫోను మీద పిలుపు పంపకూడదు. ఈ నాలుగవది మా అమ్మాయే రాసినది.

ఎనిమిది రోజులకు కార్డులు వచ్చినవి. అమ్మ నాలుగు మూలలా పసుపు రాసి ఒకటి దేవుడి ముందు పెట్టినది. రెండవది అత్తకు.

ఆదివారము పొద్దున సెంట్రలు పక్కన మూర్ మార్కెటు ఆవరణలో సూళ్లూరుపేట లోకల్ ఎక్కాము. అమ్మ, మా ఆవిడ, అమ్మాయి, నేను. 83 కిలోమీటర్ల దూరము. ఎన్నూరు పొగగొట్టాలు, పొన్నేరి పొలాలు, గుమ్మిడిపూండి కర్మాగారాలు దాటినవి. ఆరంబాకము తరువాత తడ. తడలో స్టేషను పలక మీద తెలుగు అక్షరాలు కనబడగానే అమ్మాయి కిటికీలోంచి చూసి, “త... డ. రెండే అక్షరాలు, సులువు” అన్నది. మా అమ్మ ఆమె వైపు తిరిగి చూసి మళ్లీ కొంగు సర్దుకున్నది. తూర్పున పులికాటు సరస్సు ఉన్న దిక్కు నుంచి ఉప్పుగాలి వస్తున్నది. శీతాకాలము కనుక ఆ నీళ్లకు రాజహంసలు దిగే రోజులు.

సూళ్లూరుపేటలో దిగి ముందు కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి వెళ్లాము. శ్రీహరికోటలో రాకెట్టు ఎగరవేసే ముందు అక్కడి పెద్దలు వచ్చి మొక్కే అమ్మవారు ఆమే. ఆ గుడికి ఒక విశేషమున్నది. రాత్రింబగళ్లు తలుపులు మూయరు. మా అమ్మ దండము పెట్టుకుని, “మా వదినగారి తలుపు కూడా తెరిచి ఉండేట్టు చూడు తల్లీ” అన్నది. నవ్వుతూ అన్నదో, నిజముగా అన్నదో.

తలుపు తెరిచే ఉన్నది. మామయ్య వాకిట్లో మంచము మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చెవులు వినబడవు. “ఎవరూ?” అని లోపలి నుంచి అత్త గొంతు.

“నేనే అత్తా, పెరంబూరు నుంచి.”

“తెలుస్తూనే ఉన్నది. కాళ్లు కడుక్కుని రండి” అన్నది. అంతే. మంచినీళ్లు ఇచ్చినది, చాప వేసినది. ముఖాన నవ్వు లేదు, కోపము లేదు. ఆమెకు ఎనభై ఒకటో ఏడు. మా ఆవిడ బొట్టు పెట్టి, పళ్లు, తాంబూలము, శుభలేఖ పళ్లెములో పెట్టి ఇద్దరికీ అందించినది. అత్త శుభలేఖ తీసి కళ్లకు అద్దుకున్నది గాని విప్పలేదు. మా అమ్మాయి చేతికిచ్చి, “నాకు కళ్లు ఆనవు. నీ పెళ్లే కదా, నువ్వే చదువు” అన్నది.

నా గుండె గుభేలుమన్నది. తిరిగి నేను తీసుకుందామని చెయ్యి చాపాను. అమ్మాయి ఇవ్వలేదు. వేలు పెట్టి మెల్లగా మొదలుపెట్టినది. ఆ మూడు తప్పులు పట్టే వేళ ఒక్కొక్క అక్షరము చూసినది కదా, తరువాత ఆ ఎనిమిది రోజులు నాయనమ్మ దగ్గర కూర్చుని గుణింతాలు అడిగినదట. నాకు తెలియదు. ఇంటిపేరు చదివినది. తన పేరు చదివినది. “ముహూర్తమునకు” దగ్గర ఆగిపోయినది. “హూ... ఆ కింద వత్తు చూడు, ర్త” అని అత్త అందించినది. కళ్లు ఆనని మనిషికి ఆ వత్తు ఎట్లా తెలిసినదని నేను అడగలేదు.

చదవడము అయినాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

“ఐదేళ్ల కిందట ఇట్లా ఒక ముక్క నా చేతికి వచ్చి ఉంటే మీ సొమ్ము ఏమి పోయేది?” అన్నది అత్త.

“తప్పే వదినా” అన్నది మా అమ్మ.

“అప్పుడు పిలవలేదన్న మాట ఎక్కడికీ పోదు. ఇప్పుడు వచ్చి పిలిచారన్న మాట కూడా ఎక్కడికీ పోదు. రెండూ ఉంటవి” అన్నది అత్త. ఆమె లెక్క అట్లాంటిది. నేను ఇరవై ఏళ్లు ఖాతాలు రాసిన వాణ్ణి. అంతకంటె సరిగా నేను రాయలేను.

ఆపైన మనుమడిని పిలిచి అటక మీది రేకు పెట్టె దింపించినది. దాని నిండా శుభలేఖలు! గులాబీరంగు పలుచని కాగితాలు, పోస్టుకార్డులు, మెరుపు కార్డులు. ఎవరి పెళ్లి ఎప్పుడు, ఎవరి బిడ్డకు వయస్సెంత అన్న లెక్కలు ఆమెకు ఆ పెట్టెలోనే ఉన్నవి. అడుగు నుంచి ఒకటి తీసి నాకు ఇచ్చినది. 1971లో మద్రాసులో అచ్చు వేయించిన మా అమ్మానాన్నల శుభలేఖ. వెనుక వైపు మా తాతగారి చేతివ్రాత. మా తాతగారి వ్రాత నేను చూడడము అదే మొదటిసారి. సిరా వెలిసి గోధుమరంగు అయినది గాని చదవడానికి వచ్చినది. అల్లుడిని, కూతురిని పిల్లలతో తప్పక రమ్మనీ, స్టేషనుకు బండి పంపుతున్నాననీ రెండు వరుసలు.

మా అమ్మ ఆ కార్డు తీసుకుని చాలాసేపు ఒళ్లో పెట్టుకున్నది.

“మోకాళ్లు పట్టుకుపోయినవి. రైలు ఎక్కలేను. పిల్లవాడి ఫోనులో పెళ్లి చూపిస్తారటగా, ఇక్కడి నుంచే చూస్తాను” అన్నది అత్త. అయిదేళ్ల తరువాత పిలుపు అందిన మనిషి రాలేనంటున్నది. అదీ ఫోను పేరు చెప్పి!

అప్పుడు మా అమ్మాయి నావైపు చూసి, “నాన్నా, ఆ 11,900 ఉన్నవి కదా” అన్నది.

నేను జేబులోంచి కలము తీశాను. పళ్లెములోని మా శుభలేఖను తిప్పి, మా తాతగారు రాసినట్టే వెనుక రెండు వరుసలు రాశాను. ముందురోజు ఉదయము ఇంటి ముందుకు కారు పంపుతున్నాననీ, మామయ్యతో, మనుమడితో తప్పక రావలెననీ. అత్త అది తీసుకుని, ఈసారి తానే కళ్ల దగ్గరగా పెట్టుకుని చదివి, రేకు పెట్టెలో అన్నిటికంటె పైన పెట్టినది. మనుమడు మాత్రము ఊరుకోలేదు. రెండు కార్డుల వెనుక వైపులనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, మా బంధువులందరికీ ఫోనులో పంపించాడు.